మెట్టసీమలో వాననీటి సంరక్షణము

నేటి ప్రసంగమునకు విషయము వాననీరు. అది ఎచ్చటనుండి వచ్చునో అందరకు తెలియును. ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుటయే నేటి పని.

మన రాయలసీమ పల్లెలలో పెద్దలు చావడియందు కూర్చుండినపుడు "వానలు తగ్గినవి, చెరువు నిండుట లేదు, బావులెండినవి" అని మూడు మాటలు ఒక్క ఊపిరిలో అనుచుందురు. ఈ మూటికిని కారణమొక్కటే యని తలచి, దోషమంతయు మేఘముపై మోపి ఊరకుండుట మనకు అలవాటైనది. నిదానించి విచారించినచో అందు మేఘము దోషము కొంత, మనుష్యుల దోషము కొంత. మేఘము దోషమునకు మనము చేయగలిగినది లేదు. మనుష్యుల దోషమునకు చేయదగినది చాల గలదు. కావున ఆ రెండవదానిని గూర్చియే చెప్పెదను.

బడిపంతులుద్యోగము చేసినవాడను గనుక మొదట ఒక లెక్క చెప్పనిండు. ఒక ఎకరము నేలపై ఒక్క అంగుళము వాన కురిసినచో ఆ నీరు ఎంత? లక్ష లీటర్లకు పైచిలుకు. అనంతపురము సీమ దేశమునందు మిక్కిలి తక్కువ వానగల ప్రాంతములలో ఒకటి. అచ్చట సగటున ఏడాదికి కురియునది సుమారు 22 అంగుళములు. అనగా కరవుసీమ యని పేరుపడిన ఆ చోటనే ఒక్కొక్క ఎకరముపై ఏటేట 22 లక్షల లీటర్లు ఆకాశమునుండి దిగుచున్నవి. వెయ్యి ఎకరముల గ్రామమునకు ఇది 220 కోట్ల లీటర్లు. ఇంత ధనము ప్రతి సంవత్సరము ఇంటికి వచ్చుచుండగా వేసవిలో బిందె పట్టుకొని బండి నీటికై ఎదురుచూచుట ఏల?

కారణములు రెండు. మొదటిది వాన వచ్చు తీరు. నైరుతి గాలులు తెచ్చు మేఘములు పడమటి కనుమలపై తమ భారమును దించుకొని, తేలికపడి మన మీదుగా సాగిపోవును. ఈశాన్యపు గాలులు తూర్పుతీరమున కురిసి, మనదాక వచ్చుసరికి డస్సిపోవును. కావున మనకు దక్కునది ఉత్తర, హస్త కార్తెల ప్రాంతమున కొన్నినాళ్లు కురియు జడివాన. ఏడాది కూలి యంతయు నాలుగు దినములలో చేతికి వచ్చినవాని వలె మన నేల యున్నది. దాచుకొనువానికి అది ఏడాది గ్రాసము. దాచుకొననివానికి నాలుగు దినముల సంబరము.

రెండవ కారణము నేల తీరు. పడిన వాన నాలుగు త్రోవల పోవును. కొంత మట్టిలో తేమగా నిలిచి పైరునకు ఆహారమగును. కొంత లోనికింకి ఊటయై బావులకు చేరును. కొంత వాగులు వంకలు పట్టి ఊరు దాటిపోవును. కొంత ఎండకు ఆవిరియై మరల ఆకాశమునకు పోవును. మన సీమలో ఎండ ఎంతటిదనగా, తెరచియుంచిన నీటినుండి ఏడాదిలో ఆవిరియగు లోతు, ఏడాదిలో కురియు వాన లోతునకు సుమారు మూడింతలు. అడుగుననున్నది నల్లరాతి నేల. ఆ రాయి నీటిని పీల్చదు. పైనున్న పుప్పిరాతి పొరయందును, క్రింది బండల పగుళ్లయందును మాత్రమే నీరు నిలుచును. అనగా మన భూగర్భము సముద్రము కాదు. చిల్లర డబ్బులు దాచుకొను హుండీ వంటిది. వేసినంతయే తీయగలము.

ఈ సంగతి మన పూర్వులకు తెలియునా? బాగుగా తెలియును. కడప సీమలోని పోరుమామిళ్లలో శాలివాహనశకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటి శిలాశాసనము ఒకటి గలదు. విజయనగరాధీశుడైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మారుపేరు గలవాడు, ఆ ఊరి చెరువును కట్టించిన వృత్తాంతము అందున్నది. దినమునకు వెయ్యిమంది కూలీలును, రాతికట్టడమునకు నూరు బండ్లును పనిచేయగా రెండు సంవత్సరములకు చెరువు పూర్తియైనదని శాసనము చెప్పుచున్నది. ఆ చెరువు నేటికిని నిలిచియున్నది. 2020లో గుండ్లకమ్మపై కట్టిన కంభము చెరువుతోపాటు దీనినికూడ ప్రపంచ వారసత్వ జలసేద్య కట్టడముగా అంతర్జాతీయ సంఘము గుర్తించినది.

అయితే మనకు ముఖ్యమైనది చెరువు కీర్తికాదు. ఆ రాతిపై చెక్కించిన శాస్త్రము. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు లెక్కింపబడినవి. అంగములలో మొదటిది ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు. రెండవది జలశాస్త్రమెరిగిన పండితుడు. తరువాత గట్టి బంకమన్ను గల నేల, తీయని నీటి యేరు, ఇరుప్రక్కల కొండలు, వాని నడుమ మిక్కిలి పొడవుగాని గట్టి రాతికట్ట, విశాలమును లోతునునైన గర్భము, పొడవైన రాళ్లు దొరకు గని, సమతలమైన సారవంతపు పొలములు మున్నగునవి. చివరది నిర్మాణవిద్య నేర్చిన పనివారు. చూడుడు, మొదటను తుదను మనుష్యులే. నడుమ మన్నును రాయియు. మన్ను రాయి ఎంత గట్టివైనను, ముందు వెనుక మనుష్యులు లేనిదే చెరువు చెరువు కాదని తాత్పర్యము.

ఇక దోషములు. కట్టనుండి నీరు కారుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, గర్భము నడుమ తాబేటివీపు వలె మిట్టయుండుట, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువగుట, చోటు కొంచెమై నీరెక్కువగుట. ఇవి ఆరు. ఒక్కొక్కదానికి హేతువు గలదు. గర్భమున మిట్టయున్నచో నీరు పలుచగా పరచుకొని ఎండకు త్వరగా ఆవిరియగును. నీటికి మించిన ఆయకట్టున్నచో చివరి పొలమువాడు ఎండిపోవును, తగవులు పుట్టును. చోటు చాలనిచో కట్ట తెగును. రెండు రాజ్యముల నడుమ నున్న చెరువు ఎవరిదియు కాక చెడును. నేడు రాజ్యములు లేవు గాని రెండు ఊళ్ల నడుమ, రెండు పక్షముల నడుమ చిక్కిన చెరువునకు గతి అదియే.

చెరువు పనిచేయు తీరు ఒక్కమారు స్మరించుకొందము. కొండపై పడిన వాన వంకలగుండ వాగులోనికి, వాగునుండి వరవకాలువ ద్వారా చెరువునకు వచ్చును. నిండిన పిమ్మట మిగులు నీరు అలుగుపై దొర్లి, దిగువ చెరువునకు పోవును. ఇట్లు ఒక వాగు వెంబడి గొలుసు వలె చెరువులుండును. పై చెరువు అలుగు నీరే క్రింది చెరువునకు పెట్టుబడి. గొలుసులో ఒక్క లంకె తెగినచో రెండు విధముల నష్టము. పై చెరువు పూడినచో దానిలో నిలువదగిన నీరు వరదయై క్రిందికి దూకును. పై కట్ట తెగినచో క్రింది కట్టలు వరుసగా తెగును. కావున నా చెరువు నాది, నీ చెరువు నీది అనుట జలశాస్త్రమునకు విరుద్ధము.

పూర్వము ఈ యేర్పాటును కాపాడుటకు మనుష్యులును మాన్యములును ఉండెను. చెరువు కట్టించినవానికి, బాగుచేయించినవానికి దశబంధమను పేర మాన్యము నిచ్చి, కట్టను కాచు బాధ్యత వానిపై పెట్టెడివారు. తూము తెరచి మూసి నీటిని వంతులవారిగ పంచుటకు నీరుగంటి యుండెను. వేసవిలో ఇంటికొక మనిషి చొప్పున పూడిక తీయుట ఆచారము. ఆంగ్లేయుల కాలమున చెన్నపురి ప్రభుత్వము 1858లో ఒక చట్టము చేసి, కట్ట తెగు ఆపద వచ్చినపుడు గ్రామస్థులు పనిచేయుట విధియని శాసించినది. ఆచారముగా సాగు పనికి చట్టము కావలసి వచ్చెననగా అప్పటికే ఆచారము సడలినదని తెలియుచున్నది. క్రమముగా మాన్యములు చెదరినవి. చెరువు ప్రభుత్వముదను భావము స్థిరపడినది. ప్రభుత్వముది అన్నది కొన్నాళ్లకు ఎవరిదియు కాదు అన్న అర్థములోనికి మారినది. వరవకాలువ పొలముగట్లలో కలిసినది. చెరువుగర్భమున కంపచెట్లు మొలచినవి. పోరుమామిళ్ల కట్టను కట్టుట రెండేండ్ల పని; కాచుట ఆరువందల యేండ్ల పని. మన పూర్వులు మొదటిదానికంటె రెండవదానియందే ఎక్కువ శ్రమించిరని మరువరాదు.

తరువాత బోరుబావి వచ్చినది. బోరుబావి చెడ్డదని నేననను. ఎండు పైరునకు అది ప్రాణము పోసినది. అయితే అది నీటిని తీయు యంత్రమేగాని నీటిని పుట్టించు యంత్రము కాదు. ఊరిలో ఒకడు రెండు వందల అడుగులు దింపగా ప్రక్కవాడు నాలుగు వందలు దింపును, మొదటివానిది ఎండును. అతడు అప్పు తెచ్చి ఆరు వందలు దింపును. ముగ్గురు త్రాగుచున్న ఒక్క కుండలో ఎవని గొట్టము పొడవైనదను పందెమిది. కుండలో నీరు పెరుగదు, అప్పు పెరుగును.

ఇంతకంటె ఘోరమైన నష్టమొకటి గలదు. లోతున రాతిపగుళ్లలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు అను లవణము కరగియుండును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించినచో అది త్రాగదగదు. అట్టి నీటిని ఏండ్లతరబడి త్రాగిన పిల్లల పండ్లు మచ్చలు పడును. పెద్దల వెన్నును కీళ్లును బిగుసుకొని నడుము వంగిపోవును. ఈ యెముకలవ్యాధిని మన దేశమున వైద్యులు మొదట వర్ణించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూచియే. నల్లగొండ సీమ పడిన బాధ తెలియనివారు లేరు. ఎముకలను బిగించిన ఈ వ్యాధికి తిరుగు మందు లేదు. నీటిని కాచినందువలన ఆ లవణము పోదు. నీరు ఆవిరియై లవణము మరింత చిక్కబడును. అయితే ఆకాశమునుండి దిగిన వాననీటిలో అది యుండదనవచ్చును. కావున మనము మాటలాడుచున్నది పంటను గూర్చి మాత్రమే కాదు. మనుమల వెన్నెముకను గూర్చి.

ఇక చేయదగిన పనులు. వీనిని ఎగువనుండి దిగువకు చెప్పెదను. చేయవలసిన క్రమము కూడ అదియే. కొండనుండి దిగు నీరు కోడెదూడ వంటిది. మెడదగ్గర పట్టినచో నిలుచును. పగ్గము కొసను పట్టినచో మనలను ఈడ్చుకొనిపోవును.

మొదటిది, కొండవాలునందు వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వి చెట్లు పెంచవలెను. వంకలలో వదులురాళ్లతో చిన్న చిన్న అడ్డుకట్టలు వేయవలెను. ఇవి నీటిని ఆపుటకు కాదు. దాని వేగమును తగ్గించి, ఒండ్రును అచ్చటనే దించివేయుటకు. చెరువు పూడుటకు కారణము కొండయందున్నది గనుక చికిత్సయు అచ్చటనే మొదలుకావలెను.

రెండవది, పొలము. దుక్కి వాలు వెంబడి కాక వాలునకు అడ్డముగా దున్నవలెను. గట్లు తెగకుండ చూచుకొనవలెను. పొలమున పల్లపుమూలను ఒక కుంట త్రవ్వుకొన్నచో, పైరు వాడుమొగము పట్టినపుడు ఒక్క తడి ఇచ్చుటకు ఆధారమగును. వేరుసెనగ ఊడదిగు వేళ ఒక్క తడి దొరికినచో ఎంత లాభమో రైతులకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది, చెరువు. పూడిక తీయుటకు ముందు వరవకాలువను చూడవలెను. నీరు వచ్చు త్రోవ మూసి గర్భమును లోతు చేయుట, నోరు కుట్టి కడుపు పెంచినట్లు. పూడిక తీయునపుడు కట్ట మొదలున త్రవ్వరాదు. కొంత దూరము విడువవలెను. కట్టవద్ద అడుగుననున్న బంకమట్టి పొరను చీల్చినచో నీరు కట్టక్రిందుగా ఊరును. శాసనము చెప్పిన మొదటి దోషమును మనమే కొనితెచ్చుకొన్నవారమగుదుము. అలుగును ఎత్తుచేయుట మరియొక దురాశ. ఎత్తుచేసిన అలుగు పెద్దవాననాడు కట్టను తెంచును. కట్టపై పెద్దచెట్లను పెరుగనీయరాదు; వాని వేళ్లు నీటికి సొరంగములగును. తీసిన ఒండ్రు ఎఱ్ఱగరపనేలకు మంచి ఎరువు, తేమను పట్టియుంచును. చవుడు గల ఒండ్రును మాత్రము పరీక్ష చేయింపక పొలమునకు తోలరాదు. తెలంగాణమున 2015లో మొదలిడిన మిషన్ కాకతీయ పథకమున 46 వేలకు పైగా చెరువులు కుంటలు లెక్కకు వచ్చినవి. తీసిన మట్టిని రైతులే తమ బండ్లపై పొలములకు తోలుకొనిరి. ఇట్టి పనికి ప్రభుత్వసహాయము లభించును గాని, తరువాతి కాపలా గ్రామముదే.

నాలుగవది, ఇల్లు. ముప్పది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు గల మిద్దెపై మన 22 అంగుళముల వానయే ఏడాదికి 31 వేల లీటర్లు కురియును. అయిదవవంతు పోయినను 25 వేలు దక్కును. అయిదుగురు గల కుటుంబమునకు త్రాగుటకు, వంటకు దినమునకు 40 లీటర్ల వంతున ఏడాదికి కావలసినది 14,600 లీటర్లు. అనగా మిద్దె ఇచ్చునది అవసరమునకు మించియున్నది. వాన లేని ఎనిమిది నెలలకు కావలసిన 9,600 లీటర్లు, ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు గల తొట్టిలో పట్టును. మొదటివాన నీటిని దుమ్ముతో వెలుపలికి విడిచి, తరువాతి నీటిని ఇసుక, గులకరాళ్ల వడపోత ద్వారా తొట్టిలోనికి పంపవలెను. తొట్టి మూతలో వెలుతురుగాని దోమగాని దూరరాదు. త్రాగుటకు ముందు కాచి చల్లార్చుట మంచిది.

ఈ నాలుగు పనులును చేసినను అయిదవది చేయనిచో ఫలము నిలువదు. అది లెక్క. వచ్చిన నీరెంత, వాడదగినదెంత అని ఊరంతయు కూర్చుండి లెక్క చూచుకొనవలెను. మహారాష్ట్రమున, 2024వరకు అహ్మద్‌నగరమని పిలువబడిన జిల్లాలో, హివరే బజార్ అను గ్రామము గలదు. అచ్చటి వాన మనకంటె తక్కువ. 1990 తరువాత ఆ గ్రామస్థులు కొండపై కందకములు త్రవ్విరి. విచ్చలవిడి మేతను, చెట్లు నరుకుటను మానిరి. ఇవి చాల ఊళ్లు చేసినవే. వారు చేసిన విశేషమేమనగా, సేద్యమునకు బోరుబావులు త్రవ్వరాదనియు, చెరకు వంటి నీరుత్రావు పైరులు వేయరాదనియు కట్టుబాటు చేసికొనిరి. ఏటేట వానను కొలిచి, గ్రామసభలో నీటిలెక్కను చదివి, ఆ యేడు ఏ పైరు వేయదగునో నిర్ణయించుకొనుచు వచ్చిరి. వారి బావులలోని నీటిని కాపాడినది రాతికట్ట కాదు, ఆ మాటకట్టు.

మాటకట్టు చెప్పినంత సులభము కాదని నే నెరుగుదును. వరవకాలువను ఆక్రమించినవాడు పరాయివాడు కాడు. మన బంధువో, మన పక్షమువాడో అయియుండును. చెరువుగర్భమున సేద్యము చేయువాడు ఒక్కొక్కచోట నిరుపేదయై యుండును. వానికి వేరు జీవనము చూపక వెడలగొట్టుట ధర్మము కాదు. పూడిక తీయుట వలన ఎగువ పొలమువానికే లాభమై, చివరి పొలమువానికి తడి చేరనిచో వాడు మరుసటి యేడు పారపట్టడు. ఇట్టి తగవులను తీర్చునది ఇంజనీరు కాడు, చట్టము కాదు. భూగర్భజలమును కాపాడుటకు 2002లో మన శాసనసభ చట్టము చేయకపోలేదు. కాని కాగితముపై నున్న మాటకు ఊరిలో నోరు కావలెను. ఆ నోరు పెద్దలది. శాసనము మొదటి అంగముగా చెప్పిన ధర్మబుద్ధిగల ప్రభువు స్థానమున నేడు గ్రామసభ యున్నది. అందు ముందు కూర్చుండువారు మీరు.

కొందరు, కృష్ణాజలములు హంద్రీ-నీవా కాలువమీదుగా వచ్చుచున్నవి గదా, ఇక ఈ పాతచెరువులతో పనియేమి అందురు. వచ్చుట సంతోషమే. అయితే కాలువనీరు వచ్చినను నిలుపుకొనుటకు చెరువే కావలెను. మరియు కాలువనీరు పైవారు విడిచినపుడు వచ్చును; వాననీరు మన ఊరి నేలపైననే పడును. చేతనున్నదానిని వదలి దూరమునున్నదానికై చేయిచాచుట గృహస్థునకు తగదు.

కావున ఈ వేసవి ముగియకముందే నాలుగు పనులు చేయుడని ప్రార్థించుచున్నాను. ఊరి చెరువునకు నీరు వచ్చు వరవకాలువ వెంబడి, చెరువునుండి కొండదాక, పదిమంది పెద్దలు ఒకనాడు కాలినడకను పోయి ఎచ్చటెచ్చట మూసుకొనినదో వ్రాసికొనుడు. కట్టను, తూమును, అలుగును పరీక్షించి, ఎలుకబొరియలను పూడ్పించుడు. త్రాగు బోరునీటిని ఒకమారు పరీక్ష చేయించి ఫ్లోరైడు ఎంతయో తెలిసికొనుడు. బడిమిద్దెపై పడు వాననీటిని తొట్టికెక్కించు ఏర్పాటు చేయించుడు. బడిలో వానమానిక యొకటి పెట్టించినచో పిల్లలే దినదినము వానను కొలిచి పలకపై వ్రాయుదురు. ఉగాదినాడు పంచాంగశ్రవణమున కందాయఫలములతో పాటు ఆ పిల్లల చేత గడచిన యేటి వానలెక్కను కూడ చదివింపుడు.

మన పెద్దలు సప్తసంతానములలో చెరువును చేర్చిరి. కన్నకొడుకు ఎంత యోగ్యుడైనను ఒక్క వంశమునకే నిలుచును. చెరువను సంతానము ఊరి వంశములన్నిటికి నీరు పోయును. ఆ సంతానమును కన్నవారు పూర్వులు, పెంచవలసినవారు మీరు.